రాయమల్లు పాడిన ఇరవై ఆరు నిమిషాలు

గురువారం మొదటి షిఫ్టు దిగి ఉపేందర్ నేరుగా గోదావరిఖని లక్ష్మీనగర్‌లోని ఖైజర్ దుకాణానికి వచ్చాడు. ఒంటి మీద డ్యూటీ బట్టలు అలాగే ఉన్నాయి, కనురెప్పల అంచుల్లో బొగ్గు మసి కాటుకలా నిలిచి ఉంది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఖైజర్ అప్పుడు ఒక పాత యాంప్లిఫయర్ విప్పి ముందు పెట్టుకున్నాడు. ఊళ్లో మైకుసెట్లు కిరాయికిచ్చే వాళ్లందరికీ మరమ్మతులు చేసేది అతనే. ఏ స్పీకరులో ఏ తీగ వదులైందో మూత తీయకముందే విని చెప్పే చెవి అతనిది.

ఉపేందర్ స్టూలు మీద కూర్చుని, ఆదివారం పొద్దున తన క్వార్టర్‌కు రమ్మన్నాడు. జమున కూడా వస్తున్నదని చెప్పాడు. ఖైజర్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. జమున అతనితో మాట్లాడి రెండేళ్లు దాటింది.

"నాతోని కూసుంటదా?" అని అడిగాడు.

"కూసుంటనన్నది. నేను మీ ఇద్దరితోని వేరువేరుగ చాయ్ తాగి తాగి యాష్టకొచ్చిన. ముగ్గురం కలిసి ఎన్ని ప్రోగ్రాములకు తిరిగినమో ఒక్కసారి యాదిచేసుకుందాం. తర్వాత మీ ఇష్టం" అన్నాడు ఉపేందర్.

అతను వెళ్లిపోయాక ఖైజర్ ఆ యాంప్లిఫయర్‌ను ముట్టుకోలేదు.

పదేళ్ల కిందట స్పేర్‌పార్టుల కోసం ఖైజర్ హైదరాబాదు కోఠికి పోయాడు. అక్కడ తెలిసిన సౌండు మనిషి ఒకతను, సాయంత్రం ప్రోగ్రాముంది, చేయి సాయానికి రమ్మన్నాడు. 'ఊట' అని ఐదుగురి బృందం. పాటలు మామూలుగానే మొదలయ్యేవి. రెండు చరణాలయ్యాక పాట దారి తప్పేది. గిటారు ఒకవైపు లాగేది, డోలక్కు ఇంకోవైపు నడిచేది, ఎక్కడికి పోతున్నారో వాయించే వాళ్లకే తెలిసేది కాదు. అరగంట గడిచాక, ఇక ఇది తిరిగి రాదనుకునే సమయానికి మెల్లగా పల్లవి వినపడేది. అప్పుడు జనంలో లేచే కేక లాంటిది ఖైజర్ అంతకుముందు ఏ సభలోనూ వినలేదు. ఒక ఊళ్లో ఐదు నిమిషాలున్న పాట ఇంకో ఊళ్లో నలభై నిమిషాలుండేది. ఏ రెండుసార్లూ ఒక్కలా ఉండేది కాదు కాబట్టే జనం ఊరూరా వెంట తిరిగేవాళ్లు, కాబట్టే రికార్డు చేసుకునేవాళ్లు.

బృందం వాళ్లు రికార్డు చేయొద్దని ఎవరికీ చెప్పలేదు. సౌండు బల్ల పక్కన కొంత జాగా వదిలేవాళ్లు కూడా. వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే, అమ్మకూడదు. అడిగినవాళ్లకు ఊరికే ఇవ్వాలి. ఖైజర్ ఒక మంచి రికార్డరు, రెండు మైకులు కొన్నాడు. పొడుగాటి కర్రకు మైకులు బిగించి, ఆ జాగాలో నిలబడి, పాట అయ్యేదాకా దగ్గు కూడా ఆపుకునేవాడు. ఇంటికొచ్చాక ఏ పాట ఎన్ని నిమిషాలు సాగింది, ఎక్కడ తిరిగింది, ఎవరికి కాపీ ఇచ్చాడు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసేవాడు. ఉపేందర్‌ను మొదటిసారి అతనే తీసుకుపోయాడు. ఉపేందర్ కాలనీలో పక్క క్వార్టర్ అమ్మాయి జమున. అప్పుడు కరీంనగర్‌లో డిగ్రీ చదువుతుండేది, పాటలంటే ప్రాణం. తానూ వస్తానంది. ఆమె తండ్రి రాయమల్లు ఒంటరిగా పంపేది లేదన్నాడు. పంపకుండా ఉండనూ లేకపోయాడు. చివరికి ఆయన కూడా బయల్దేరాడు.

రాయమల్లు బొగ్గుబాయిలో కోల్ ఫిల్లరు. తట్టా, చెమ్మస్సు అనే పారా పట్టి బొగ్గు ఎత్తి, టబ్బులనే ఇనుప బండ్లు నింపి, తోసిన మనిషి. మొదటి రెండు ప్రోగ్రాముల్లో చెట్టు కింద తువ్వాల పరుచుకుని కూర్చుని, ఈ పోరగాళ్లు ఎప్పుడు ఆపుతారా అని చూశాడు. మూడోదానికి మాత్రం సౌండు బల్ల దాకా వచ్చి నిలబడ్డాడు.

ఆ మూడోది రెండువేల పద్దెనిమిది ఫిబ్రవరిలో, హైదరాబాదు శివార్లలో ఒక మామిడితోటలో జరిగింది. ఎండ ఇంకా తగ్గలేదు. పాట దారితప్పి చాలాసేపైంది. గిటార్లు ఆగిపోయి డోలక్కు ఒక్కటే బరువుగా, ఆగి ఆగి నడుస్తోంది. రాయమల్లు తల ఎత్తి, ఇది టబ్బు తోసే దరువు అన్నాడు. పాడేటతను మైకు పట్టుకుని జనంలో తిరగడం అలవాటు. రాయమల్లు పెదవులు కదలడం చూసి మైకు ఆయన నోటి ముందు పెట్టాడు. ఆయన సిగ్గుపడలేదు. కళ్లు మూసుకుని అందుకున్నాడు:

"ముందటోనికి దీపముంది
ఎనకటోనికి దమ్ముంది..."

బృందం ఆ దరువును వదలలేదు. ఇరవై ఆరు నిమిషాలు. వందల మంది పట్నం పిల్లలు, బాయి మొహం ఎన్నడూ చూడనివాళ్లు, "తోయరో" అని వంత పాడారు. జమున ఒక చేత్తో ఉపేందర్ మోచేయి గట్టిగా పట్టుకుని నిలబడింది. ఖైజర్ మైకుల కర్ర కదలకుండా పట్టుకుని, కన్నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే వదిలేశాడు.

ఆ ఏడాది చివర రాయమల్లు మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు, ఆరోగ్యం చాలదని కంపెనీ పని నుంచి దింపేసింది. వారసురాలిగా ఆయన బదులు ఉద్యోగం జమునకు వచ్చింది. కంపెనీ వర్క్‌షాపులో స్టోర్స్ చూస్తుంది. తర్వాత కరోనా వచ్చింది, ప్రోగ్రాములు ఆగిపోయాయి.

వెంట తిరిగిన జనమంతా అప్పుడు టెలిగ్రాం గ్రూపులో చేరారు. మొదట పాత రికార్డింగులు పంచుకున్నారు. కొన్నాళ్లకు మాట ఇంటర్నెట్‌లో కొని అమ్మే క్రిప్టో కాయిన్ల మీదికి మళ్లింది. గ్రూపు ఫోటోల్లో ప్రోగ్రాములనాటి అవే పూసల దండలు, అవే రంగురంగుల చొక్కాలు. ఇంతకుముందు పాట ఎక్కడ తిరిగిందో చెప్పుకునే వాళ్లు ఇప్పుడు ధర ఎక్కడ తిరిగిందో చెప్పుకున్నారు. ఖైజర్‌కు అది కొత్తగా అనిపించలేదు. బ్యాంకు ఉండదు, మధ్యలో దళారి ఉండడు, నమ్మకమున్న వాళ్లు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందిస్తారు అన్నారు. ఇన్నేళ్లుగా రికార్డింగులతో తాము చేసింది అదే కదా అనుకున్నాడు. ధర పడిపోయిన రోజుల్లో, ఆగండి, వదలకండి, తిరిగొస్తుంది అనేవాళ్లు. అరగంటపాటు పల్లవి కోసం ఎండలో నిలబడిన మనుషులకు ఆగమని నేర్పడం కష్టం కాదు.

రెండువేల ఇరవై ఒకటిలో పూణే నుంచి ఒకతను 'ఊట కాయిన్' పుట్టించాడు. బృందానికి దానితో సంబంధం లేదు. అరుదైన రికార్డింగులు ఒకచోట పెట్టి, కాయినున్న వాళ్లకే వినిపించాలని అతని ఆలోచన. ఖైజర్‌కు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. మామిడితోట రికార్డింగు లాంటిది దేశంలో ఇంకొకటి లేదన్నాడు. మిమ్మల్ని మెకానిక్ అంటారేమిటి, మీరు ఈ సంగీతానికి చరిత్రకారులు అన్నాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు: కాపీలు బయట ఉంటే దానికి విలువ ఉండదు.

ఖైజర్ అసలు ఫైలు పంపించి, తన దగ్గరున్నది చెరిపేశాడు. కాపీ తీసుకున్న ఇద్దరు హైదరాబాదు మిత్రులతో కూడా చెరిపించాడు. జమున, ఉపేందర్ ఎప్పుడూ దుకాణానికే వచ్చి వినేవాళ్లు, వాళ్ల దగ్గర వేరే కాపీ లేదు. బదులుగా కాయిన్లు వచ్చాయి. అతని మాట మీద ఉపేందర్ కూడా కొన్ని కొన్నాడు. మరుసటేడు ఆ కాయిన్ నేలకు పడింది, తిరిగి రాలేదు. సైటు మూతపడింది. పూణే నంబరు మోగడం మానేసింది.

రెండువేల ఇరవై మూడులో రాయమల్లు చనిపోయాడు. పదకొండో రోజున వచ్చిన జనానికి తండ్రి గొంతు వినిపిద్దామని జమున ఖైజర్‌ను ఆ పాట అడిగింది. అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె లోపలికి పోయి వడ్డన చూసుకుంది. అంతే, మళ్లీ మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున ఖైజర్ బయల్దేరుతుంటే భార్య తస్లీమా బీరువా పైనుంచి ఒక సంచి తీసి ఇచ్చింది. అందులో ఆ నోటుబుక్కు ఉంది. సైటు మూతపడిన రోజున పాత కాగితాలవాడికి వేయమని అతనే ఇచ్చాడు. ఆమె వేయలేదు. పాటలు గుర్తుచేసుకోవడానికి పోతూ ఉత్త చేతులతో పోతారా అని మాత్రం అంది.

ఉపేందర్ క్వార్టర్ ముందు వేపచెట్టు నీడలో మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. ఆదివారం పనికి పోతే రెండింతల జీతం వస్తుంది, అయినా ఉపేందర్ ఆ రోజు డ్యూటీ వద్దనుకున్నాడు. జమున అప్పటికే వచ్చి కూర్చుంది. ఖైజర్ సలాం చెప్పినట్టు తల వంచాడు. ఆమె తల ఊపింది.

మొదట ఉపేందర్ ఒక్కడే మాట్లాడాడు. బెంగళూరులో వానకు కరెంటు పోతే గిటార్లు పక్కన పెట్టి చప్పట్ల మీద పాట నడిపిన సంగతి చెప్పాడు. పూణే నుంచి వస్తూ రైల్లో ముగ్గురూ తప్పు స్టేషనులో దిగిన సంగతి చెప్పాడు. తప్పు స్టేషను కాదు, నువ్వే తప్పు రైలు ఎక్కించావని జమున సరిదిద్దింది. మూడో చాయ్ వచ్చేసరికి ఖైజర్ కూడా కలిశాడు. ఏ ఊళ్లో ఏ పాట ఎన్ని నిమిషాలు సాగిందో నోటుబుక్కు తెరిచి చదువుతుంటే, మిగిలిన ఇద్దరూ ఆ నిమిషాల్లోకి తమకు గుర్తున్నవి తెచ్చి పోశారు. ఎండ గోడ దిగి కాళ్ల దగ్గరికి వచ్చింది.

అలా పేజీలు తిప్పుతూ ఖైజర్ ఒకచోట ఆగిపోయాడు. ఏ పేజీ అని ఎవరూ అడగలేదు.

"నేను కోపమెందుకున్ననో నీకు తెల్సా, ఖైజరన్నా?" అంది జమున. గొంతు పెంచలేదు. "పాట పోయిందని కాదు. పోతయి, ఫోన్లు పోతయి, ఫోటోలు పోతయి. నువ్వు మా బాపును అడగలె. నన్నడగలె. గది నీ వస్తువనుకున్నవ్."

ఖైజర్ తెరిచిన పేజీ మీద అరచేయి పెట్టాడు. రెండేళ్లుగా మనసులో తయారుచేసుకున్న మాటలు చాలానే ఉన్నాయి. పూణే అతని మోసం గురించి, ఆ రోజుల్లో అందరూ నమ్మడం గురించి. అవన్నీ పక్కన పెట్టాడు.

"అవును, నాదే అనుకున్న. మైకులు నాయి, రికార్డరు నాది, ఎండల నిలవడ్డది నేను. గొంతు రాయమల్లు కాకది. గది నాకు తట్టలె. ఎవడో ఫోన్ల పెద్దోన్ని చేస్తే పొంగిపోయిన" అన్నాడు.

ఉపేందర్ కల్పించుకుని, తనకు పోయిన పైసల సంగతి ఎవరూ తేవద్దన్నాడు. ఖైజర్ చెప్పాడని కాదు, తనకూ ఆశ పుట్టిందన్నాడు. తర్వాత జమున, ఆ పేజీ చదవమంది.

ఖైజర్ చదివాడు. డోలక్కు ఒక్కటే మిగిలిన దగ్గర్నుంచి లెక్క. మొదటి నిమిషం, కాక అందుకున్నాడు. ఏడో నిమిషం, జనం వంత. పదకొండో నిమిషం, డోలక్కు కూడా ఆగింది, కాక ఒక్కడే. ఉపేందర్ కుర్చీ చేతి మీద ఆ బరువైన దరువు మొదలుపెట్టాడు. జమున మెల్లగా అందుకుంది. ముందటోనికి దీపముంది, ఎనకటోనికి దమ్ముంది. మూడో వరుస దగ్గర ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా రాలేదు. ఉపేందర్‌కూ రాలేదు. ఖైజర్ నిమిషాలు రాసుకున్నాడు గానీ మాటలు రాసుకోలేదు.

పేజీ అడుగున, కాపీలు ఎవరికి ఇచ్చాడో రాసిన వరుస ఉంది. హైదరాబాదు వాళ్లవి రెండు పేర్లు. వాటి కింద, వేరే రంగు పెన్నుతో, ఇంకొక పేరు: ఆగయ్య కాక, శ్రీరాంపూర్, మెమరీ కార్డు.

ఖైజర్ ఆ పేరు చూసి నుదురు రుద్దుకున్నాడు. రాయమల్లు ఒకరోజు దుకాణానికి వచ్చి, తనతో జోడీగా టబ్బులు నింపిన ఆగయ్యకు ఈ పాట ఇవ్వమని అడిగాడు. ఆగయ్య దగ్గర కార్డు పెట్టుకునే చిన్న రేడియో ఉండేది. దానికి పట్టేలా పాటను తగ్గించి, నాణ్యత కూడా తగ్గించి ఎక్కించి ఇచ్చాడు. అసలు ఫైలు లాంటిది కాదు కాబట్టి ఖైజర్ దాన్ని ఎన్నడూ కాపీ కింద లెక్కపెట్టలేదు. కాపీలు చెరిపించిన రోజున అది గుర్తు కూడా రాలేదు.

"ఆగయ్య కాక ఉన్నడా?" అని అడిగాడు.

ఉన్నాడంది జమున. తండ్రి దినాలకు వచ్చి వెళ్లాక మళ్లీ చూడలేదంది. అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

ముగ్గురూ మంచిర్యాల బస్సెక్కారు. గోదావరి వంతెన దాటి, శ్రీరాంపూర్‌లో దిగి, కాలనీ చివర ఆగయ్య ఇల్లు వెతుక్కునేసరికి పగటి భోజనాల వేళైంది. ఆగయ్య భార్య పోశవ్వ జమునను గుర్తుపట్టి, అన్నం తిన్నాకే ఏ మాటైనా అంది. తిన్నారు. అప్పుడు జమున వచ్చిన పని చెప్పింది.

ఆగయ్య ఏమీ ఆశ్చర్యపోలేదు. కిటికీ దగ్గరి రేడియో తెచ్చి ఒళ్లో పెట్టుకుని, ఒక బటను నొక్కడం మొదలుపెట్టాడు. ఒక్కో నొక్కుకు ఒక్కో భజన మొదలై ఆగిపోతోంది. పెదవులతో లెక్కపెట్టుకుంటూ పదిహేడోసారి నొక్కి చేయి తీశాడు.

మామిడితోట జనం సందడి వినిపించింది. ఎవరో ఈల వేశారు. తర్వాత డోలక్కు. తర్వాత రాయమల్లు.

ఆ చిన్న స్పీకరులో గొంతు సన్నగా, రేకు మీద పడ్డట్టు ఉంది. వేరే రోజైతే ఖైజర్ ఆ శబ్దానికి మొహం చిట్లించేవాడు. జమున తల వంచుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వింది. మూడో వరుస వచ్చింది. "నడుమ మనకు టబ్బుంది, తోయరో తమ్ముడా." ఆమె పెదవులు ఆ మాటను అందుకున్నాయి. గుమ్మంలో నిలబడ్డ పోశవ్వ కూడా, రోజూ విన్న పాట కాబట్టి, అప్రయత్నంగా వంత కలిపింది. పదకొండో నిమిషంలో డోలక్కు ఆగి రాయమల్లు ఒక్కడే మిగిలినప్పుడు ఉపేందర్ లేచి బయటి అరుగు మీదికి పోయాడు.

పద్నాలుగో నిమిషంలో పాట తెగిపోయింది. తర్వాతి భజన మొదలైంది. ఆగయ్య రేడియో ఆపేశాడు.

ఇంకా పన్నెండు నిమిషాలు ఉండాలని, తానే తగ్గించి ఎక్కించానని ఖైజర్ చెప్పాడు. ఆగయ్య అతని వైపు కొంచెంసేపు చూశాడు.

"నాకు గింతనే తెల్సు బిడ్డా. రోజు పొద్దుగాల చాయ్ తాగుకుంట ఇంట. వాడు సగంల ఆగితే, టబ్బు నిండిందనుకుంట" అన్నాడు.

కార్డు మాత్రం ఇంట్లోంచి బయటికి పోదన్నాడు. కావాలంటే ఇక్కడే కూర్చుని ఎక్కించుకోమన్నాడు. ఉపేందర్ ఫోనులో కార్డు పట్టే చోటుంది. ఖైజర్ కార్డును గోటితో జాగ్రత్తగా తీసి, ఫోనులో పెట్టి, పాటను ముగ్గురి ఫోన్లకూ పంపి, కార్డును మళ్లీ రేడియోలో పెట్టాడు. సరిగా పెట్టాడో లేదోనని ఆగయ్య పదిహేడుసార్లూ నొక్కి చూసుకున్నాడు.

తిరుగు బస్సులో ఉపేందర్ కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. వంతెన మీదికి రాగానే కింద గోదావరి పాయలు పాయలుగా, ఇసుక మధ్య మెరుస్తూ కనిపించింది. ఖైజర్ చాలాసేపు తటపటాయించి, ఒకటి అడగాలన్నాడు. ఊట బృందాన్ని ఇష్టపడే వాళ్లు ఇంకా కొందరున్నారు, కాయిన్ల జోలికి పోనివాళ్లు. వాళ్లలో మామిడితోటకు వచ్చిన వాళ్ల దగ్గర మిగతా పన్నెండు నిమిషాలు ఫోనులో ఎక్కడైనా ఉండొచ్చు. ఈ ముక్క వాళ్లకు పంపితే వెతుకుతారు.

"పంపాల్నా?" అని అడిగాడు.

"ఆలోచించుకోని చెప్త" అంది జమున.

అతను సరేనన్నాడు.

తొమ్మిది రోజులు ఆమె ఏమీ చెప్పలేదు. ఖైజర్ ఫోన్ చేయలేదు, ఉపేందర్‌ను అడగలేదు. ఆ పద్నాలుగు నిమిషాలను మాత్రం పని లేనప్పుడల్లా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని శుభ్రం చేశాడు. గరగర కొంత తీశాడు. ఇంకా తీస్తే గొంతులోని జీర కూడా పోతుందని అక్కడితో ఆపాడు.

పదో రోజు జనరల్ షిఫ్టు దిగి జమున దుకాణానికి వచ్చింది. ఆ స్టూలు మీద ఆమె కూర్చుని ఎన్నేళ్లయిందో ఖైజర్ లెక్కపెట్టుకోలేదు. అమ్మకు వినిపించానని, అమ్మ రెండురోజులు ఏడ్చి, మూడోరోజు పక్క క్వార్టర్ల వాళ్లను పిలిచి వినిపించిందని చెప్పింది. పంపమంది. ఎవరడిగినా ఊరికే ఇవ్వమంది. కానీ ముందు పేరు ఉండాలంది.

ఖైజర్ కంప్యూటరు తెరిచి, ఫైలుకు పేరు రాశాడు. రాయమల్లు, గోదావరిఖని. ఆమె వంగి చూసి, కోల్ ఫిల్లర్ అని కూడా రాయమంది. రాశాడు.

"జోడి ఆగయ్య అని గూడ రాయి" అంది.

అది కూడా రాశాక, ఇది సరిపోయిందా అని ఆమె వైపు చూశాడు. జమున ఇంకోసారి చదువుకుని, పంపమంది.